గ్రీనిచ్‌లో ప్రైవేటు గైడు అవసరమా? కాకినాడ నుంచి వస్తున్న పెద్దవాళ్ల కోసం

మీ ప్రశ్న సారాంశం ఇది: జూన్‌లో కాకినాడ నుంచి అమ్మానాన్నలు లండన్ వస్తున్నారు. నాన్నగారు భూగోళ శాస్త్రం చెప్పి రిటైరైన హైస్కూలు మాస్టారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. వెంట పదకొండేళ్ల మీ అబ్బాయి ఉంటాడు. గ్రీనిచ్ చూపించడానికి రోజంతా ప్రైవేటు గైడును పెట్టుకుంటే పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఉంటుందా? నేను లండన్‌లో చాలా ఏళ్లు గైడుగా పనిచేశాను, అందులో ఎక్కువ భాగం గ్రీనిచ్‌లోనే. ఇప్పుడు ఆ పని మానేశాను కనుక మీరు గైడును పెట్టుకున్నా మానినా నాకు వచ్చేదీ పోయేదీ లేదు.

పెట్టుకోండి. కానీ రోజంతా వద్దు, మూడు గంటలు చాలు. ఆ మూడు గంటలను మ్యూజియం గదుల్లో మాత్రం ఖర్చు చేయకండి. నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ప్రతి వస్తువు పక్కనా చక్కటి వివరణ రాసి ఉంటుంది, ప్రవేశమూ ఉచితమే. అక్కడ గైడు చదివి వినిపించేది మీరే చదువుకోవచ్చు. గైడు అవసరం పడేది బయట, ఒక కట్టడం నుంచి ఇంకో కట్టడానికి నడిచే దారిలో.

ఎందుకంటే గ్రీనిచ్‌కు సొంతంగా వచ్చినవాళ్లకు నాలుగు విడి వస్తువులు కనిపిస్తాయి. కొండ మీద ఒక వేధశాల, కొండ కింద రాణిగారి తెల్లటి భవనం, నది ఒడ్డున జంట గోపురాల కట్టడం, దాని పక్కన ఒక పాత తెరచాప ఓడ. నాలుగు ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. నిజానికి ఆ నాలుగూ ఒకే వ్యవహారం చుట్టూ పుట్టాయి, పెరిగాయి. ఓడలు దూరదేశాలకు పోవాలి, సరుకుతో తిరిగి రావాలి, దారిలో తామెక్కడున్నాయో తెలుసుకోవాలి, ఆ ఓడల్లో ఒళ్లు హూనమైన మనుషులకు చివరికి ఒక చోటు దొరకాలి. ఈ సంబంధాన్ని నడిపిస్తూ చెప్పగలిగిన గైడుకు ఇచ్చిన డబ్బు వృథా కాదు. రాజుల పెళ్లిళ్లు, దయ్యాల కథలతో కాలక్షేపం చేయించేవాడికి ఇచ్చింది వృథాయే.

ఇక వరుస. చాలా మంది గైడులు ఓడ దగ్గర మొదలుపెట్టి చివర్లో కొండ ఎక్కిస్తారు. మీ అమ్మగారితో ఆ పని చేయకండి. టాక్సీని గ్రీనిచ్ పార్కు బ్లాక్‌హీత్ గేటు వైపుకు రమ్మనండి. ఆ వైపు నుంచి కొండ అంచు దాకా దారి చదునుగా ఉంటుంది, రెండు పక్కలా చెట్లు కూడా. అక్కడి నుంచి కిందికే రావాలి. దిగడం కూడా మోకాళ్లకు తేలికేమీ కాదు కనుక కొండ అంచున ఉన్న జనరల్ వుల్ఫ్ అనే బ్రిటిష్ సేనాని విగ్రహం ముందున్న నిటారు బాటను వదిలి, పక్కకు వాలుగా పోయే పొడవాటి బాట పట్టండి. మధ్యమధ్య కూర్చోవడానికి బల్లలున్నాయి.

పొద్దున పది గంటలకు వేధశాలలో ఉండేలా చూసుకోండి, అదీ గైడు లేకుండానే. అక్కడ మీ నాన్నగారే గైడు. లోపలికి టికెట్టు ఉంది. మరమ్మతుల వల్ల ఏ భాగం ఎప్పుడు మూసి ఉంటుందో వాళ్ల వెబ్‌సైటులో చూసుకుని మరీ కొనండి.

నాన్నగారు బడిలో చెప్పిన పాఠమే అక్కడ నేల మీద గీతగా ఉంటుంది. 1675లో రెండో చార్లెస్ రాజు ఈ వేధశాలను కట్టించింది నక్షత్రాల మీద ముచ్చటతో కాదు, సముద్రం మీద రేఖాంశం కనుక్కునే మార్గం కోసం. అక్షాంశం సులువు, సూర్యుడి ఎత్తో ధ్రువ నక్షత్రం ఎత్తో కొలిస్తే తెలుస్తుంది. రేఖాంశానికి రెండు చోట్ల టైము తెలియాలి: ఓడ ఉన్న చోట టైమెంత, ఓడ బయలుదేరిన రేవులో టైమెంత. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక తేడాను బట్టి దూరం తేలుతుంది. కానీ తడిలో, ఎండలో, అలల కుదుపులో సరిగా నడిచే గడియారం అప్పటికి ఎవరి దగ్గరా లేదు. 1707లో సిలీ దీవుల దగ్గర లెక్క తప్పి నాలుగు యుద్ధనౌకలు రాళ్లకు కొట్టుకుని మునిగిపోయాయి, వెయ్యి మందికి పైగా నావికులు పోయారు. 1714లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది: అర డిగ్రీ లోపు కచ్చితత్వంతో రేఖాంశం చెప్పే పద్ధతి కనిపెట్టినవారికి 20,000 పౌండ్లు.

ఆ పనికి జీవితమంతా పెట్టినవాడు జాన్ హారిసన్ అనే వడ్రంగి. ఆయన చేసిన నాలుగు గడియారాలు వేధశాల సంరక్షణలో ఉన్నాయి. హెచ్1, హెచ్2, హెచ్3 అనే మొదటి మూడూ పెద్ద పెద్ద ఇత్తడి యంత్రాలు. నాలుగోది, 1759లో పూర్తయిన హెచ్4, అరచేతిలో పట్టే జేబు గడియారంలా ఉంటుంది. 1761లో జమైకాకు బయలుదేరిన ప్రయాణంలో దాన్ని పరీక్షిస్తే 81 రోజుల్లో అది వెనకబడింది సుమారు 5 సెకన్లు. మీ అబ్బాయిని మొదటి మూడింటి ముందు ఎక్కువసేపు నిలబెట్టండి. తర్వాత నాలుగోది చూపించి, మనిషి ముప్పై ఏళ్లు ఒక దారిలో వెళ్లి, ఆ దారి వదిలి పూర్తిగా వేరే దారి పట్టడమంటే ఏమిటో తాతగారిని చెప్పమనండి.

ప్రాంగణంలో ఇత్తడి గీతకు అటో కాలు ఇటో కాలు వేసి ఫోటో దిగడానికి వరుస ఉంటుంది. నిలబడండి, పర్వాలేదు. అయితే నాన్నగారికి ఇంకో రెండు గీతల సంగతి చెప్పండి. ఇప్పుడు అందరూ నిలబడే గీత 1851లో అప్పటి వేధశాల అధిపతి జార్జ్ ఎయిరీ పెట్టిన దుర్భిణి మీదుగా పోయేది. 1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో 25 దేశాల ప్రతినిధులు సమావేశమై సున్నా రేఖాంశంగా ఒప్పుకున్నది దాన్నే. ఫ్రాన్స్ ఓటు వేయకుండా ఊరుకుంది, 1911 దాకా పారిస్ గీతనే వాడుకుంది. ఎయిరీ గీతకు దాదాపు ఆరు మీటర్ల పడమర, అంతకుముందు వేధశాల అధిపతుల్లో ఒకరైన జేమ్స్ బ్రాడ్లీ పాత గీత ఉంది. బ్రిటన్ సర్వే పటాలకు ఇప్పటికీ అదే ఆధారం. మీ ఫోనులోని జీపీఎస్ చూస్తే మాత్రం సున్నా ఈ రెండు చోట్లా రాదు. ఎయిరీ గీతకు 102 మీటర్ల తూర్పున, పార్కులోకి నడిచాక వస్తుంది. ఎయిరీ తన దుర్భిణిని పాదరసం తొట్టితో, అంటే అక్కడి గురుత్వాకర్షణ చూపించిన నిట్టనిలువుకు సరిచేసుకున్నాడు. ఉపగ్రహాలు భూమి కేంద్రం నుంచి లెక్క కడతాయి. తేడా అక్కడ పుట్టింది. ఫోను పట్టుకుని సున్నా వచ్చేదాకా నడవడం మీ అబ్బాయికి మంచి ఆట, టికెట్టు కూడా అక్కర్లేదు.

మన టైము లెక్క కూడా ఇక్కడే కట్టుకోవచ్చు. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 330 నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు. ఆ రేఖ కాకినాడ మీదుగా పోతుందని మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. నిజానికి అది ఊరికి పాతిక కిలోమీటర్లకు పైగా తూర్పున ఉంది. మాస్టారికి ఈ మాట నచ్చకపోవచ్చు, నా పేరు చెప్పకండి. ఇంకా ముందుకు వెళితే, 1906 జనవరి 1న ఈ ప్రామాణిక కాలం వచ్చేదాకా మన రైళ్లు నడిచింది మద్రాసు టైము మీద, గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందు. ఆ టైము లెక్కించిన మద్రాసు వేధశాలకు 1830లో అధిపతిగా వచ్చిన టి.జి. టేలర్ అంతకుముందు పనిచేసింది ఈ గ్రీనిచ్ కొండ మీదే. ఆయన దగ్గర ఖగోళం నేర్చుకున్న గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు ఎ.వి. నరసింగరావు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. ఇంగ్లీషు గైడులు ఈ సంగతి చెప్పరు, వాళ్లను తప్పు పట్టలేం కూడా. చెప్పాల్సింది మనమే.

పదకొండున్నరకు వేధశాల నుంచి బయటికి వచ్చి, పచ్చికలో కూర్చుని తెచ్చుకున్న పులిహోర తినేయండి. కింద మార్కెట్లో శాకాహారం బోలెడు దొరుకుతుంది, కానీ మధ్యాహ్నం ఆ జనంలో కూర్చునే చోటు దొరకడం కష్టం. గైడును 12 గంటలకు జనరల్ వుల్ఫ్ విగ్రహం దగ్గరికి రమ్మనండి. మీ మూడు గంటలు అక్కడ మొదలవుతాయి.

ఆ విగ్రహం దగ్గర నిలబడి చెప్పే పది నిమిషాల మాటలతోనే గైడు సత్తా తెలిసిపోతుంది. కింద రాణిగారి భవనం, దాని వెనక జంట గోపురాలు, వాటి మధ్య ఖాళీ, ఖాళీలోంచి థేమ్స్, నది అవతల కెనరీ వార్ఫ్ అద్దాల మేడలు. ఆ మేడలున్న చోట 1802లో వెస్టిండియా రేవులు తెరిచారు, బానిసలు పండించిన చక్కెర దిగింది అక్కడే. కుడివైపు నది మలుపు దాటితే బ్లాక్‌వాల్, ఈస్టిండియా కంపెనీ ఓడలు కట్టిన చోటు. ఎడమవైపు డెప్ట్‌ఫర్డ్, ఎనిమిదో హెన్రీ 1513లో పెట్టిన రాజుగారి ఓడల కర్మాగారం. 1611లో మచిలీపట్నం రేవుకు చేరిన గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ బయలుదేరింది ఈ థేమ్స్ నుంచే. తెలుగు తీరంలో కంపెనీ కొలువు అలా మొదలైంది. మీ గైడు ఈ దృశ్యాన్ని చూపించి "ఎంత అందంగా ఉందో చూడండి" అని ఊరుకుంటే, కంపెనీ గురించి, చక్కెర గురించి మీరే అడగండి. బాగా చదువుకున్న గైడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

మెల్లగా కిందికి దిగండి. ఒంటిగంటకు కాస్త ముందు మ్యూజియం వెనక పచ్చికలో నిలబడి కొండ వైపు చూడమనండి. వేధశాల బురుజు మీద ఎర్రటి బంతి 12:55కు సగం దాకా లేస్తుంది, 12:58కి పైకొస దాకా వెళుతుంది, సరిగ్గా ఒంటిగంటకు కిందికి పడుతుంది. నదిలోని ఓడలు బయలుదేరేముందు తమ గడియారాలు సరిచేసుకోవడానికి 1833లో పెట్టిన ఏర్పాటు. గాలి మరీ ఎక్కువగా ఉన్న రోజు లేపరు. జూన్‌లో బ్రిటన్ గడియారాలు ఒక గంట ముందుంటాయి. వేధశాల గేటు గోడకున్న 24 గంటల గడియారం మాత్రం ఏడాది పొడుగునా గ్రీనిచ్ టైమే చూపిస్తుంది. గడియారం పాడైందని సందర్శకులు సిబ్బందికి చెప్పడం నేను ఎన్నిసార్లో విన్నాను.

రాణిగారి భవనంలో అరగంట మించి వద్దు. వాస్తుశిల్పి ఇనిగో జోన్స్ 1616లో మొదలుపెట్టిన కట్టడం, మధ్య స్తంభం లేకుండా చుట్టుకుంటూ లేచే మెట్లు, అర్మాడా అనే స్పెయిన్ నౌకాదళం మీద విజయం తర్వాత వేసిన మొదటి ఎలిజబెత్ చిత్రం. ఇంతే. ఇదీ ఉచితమే.

తర్వాతిది మాత్రం తొందరపడి చూసేది కాదు. నది ఒడ్డున ఇప్పుడున్న గోపురాల చోట ఒకప్పుడు రాజభవనం ఉండేది, ఎనిమిదో హెన్రీ 1491లో, ఆయన కూతురు ఎలిజబెత్ 1533లో పుట్టింది అందులో. అది పాడుపడ్డాక రెండో మేరీ రాణి 1694లో ఆ స్థలాన్ని వికలాంగులైన, ముసలివాళ్లైన నావికుల ఆశ్రమానికి ఇప్పించింది. అయితే రాణిగారి భవనం నుంచి నది కనపడకుండా పోకూడదని షరతు పెట్టింది. అందుకే వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ ఒకే పెద్ద కట్టడం కట్టలేక రెండుగా చీల్చి మధ్య ఖాళీ వదిలాడు. కొండ మీద నుంచి మీరు చూసిన ఆ ఖాళీ రహస్యం ఇది. డబ్బు ఎక్కడిదని గైడును అడగండి. నావికుల జీతంలోంచి నెలకు ఆరు పెన్నీలు కోసేవారు. దొంగ సరుకు జరిమానాలూ కలిశాయి. ఓడదొంగగా 1701లో ఉరితీసిన కెప్టెన్ కిడ్ సొత్తు అమ్మగా వచ్చిన ఆరు వేల పౌండ్లకు పైగా కూడా దీనికే చేరింది. కిడ్‌ను ఉరికంబం ఎక్కించిన దోపిడీల్లో పెద్దది, బెంగాల్ సరుకుతో సూరత్ వెళుతున్న ఓడ మీద చేసింది.

ఇందులోని పెయింటెడ్ హాలు కోసమే గైడును పెట్టుకున్నా తప్పులేదు. నావికులు భోజనం చేయడానికి కట్టిన గది. జేమ్స్ థార్న్‌హిల్ 1707 నుంచి 1726 దాకా పంతొమ్మిదేళ్లు దాని పైకప్పుకూ గోడలకూ రంగులు వేశాడు. కూలి పైకప్పుకు చదరపు గజానికి 3 పౌండ్లు, గోడకు 1 పౌండు. పడమటి గోడ మీద తన బొమ్మ కూడా వేసుకున్నాడు, చేయి చాపి ఉంటాడు. ఇంకా డబ్బులివ్వండని అడుగుతున్నాడని గైడులందరూ చెప్పే హాస్యం, నేనూ చెప్పేవాణ్ణి. పూర్తయ్యాక ముసలి నావికులకు ఇంత వైభవం ఎందుకనుకున్నారు కాబోలు, వాళ్ల భోజనాలు నేలమాళిగకు మారాయి. తాగి గొడవ చేసిన నావికుడికి శిక్షగా పసుపు కోటు తొడిగేవారు. ట్రఫాల్గర్ యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ శవాన్ని 1806 జనవరిలో మూడు రోజులు ప్రజల దర్శనానికి ఉంచింది ఈ గదిలోనే. ఆయన యుద్ధం రోజు వేసుకున్న కోటు, ఎడమ భుజం దగ్గర గుండు దూరిన రంధ్రంతో సహా, మ్యూజియంలో ఉంది.

పైకప్పు చూడటానికి హాలులో పడుకునే సోఫాలు వేశారు. అమ్మగారిని దాని మీద వాలమనండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఆమె పడుకుని ఉండగా గైడును ఒక మూల చూపించమనండి: వేధశాల తొలి అధిపతి జాన్ ఫ్లామ్‌స్టీడ్ బొమ్మ, 1715 ఏప్రిల్ 22 సూర్యగ్రహణం లెక్క రాసిన కాగితంతో. పొద్దున కొండ మీద చూసిన మనిషి పనిని నావికుల భోజనశాల పైకప్పు మీద ఎందుకు వేశారో చెప్పగలిగితే, ఆ గైడును మీ స్నేహితులకు కూడా సిఫారసు చేయండి. టికెట్టులో అక్కడి సిబ్బంది వివరణ కలిసే ఉంటుంది. గైడు కుదరకపోయినా ఈ హాలును మానుకోకండి.

బయటికి వస్తూ నాన్నగారికి ఒక్క మాట. 1873 తర్వాత ఇక్కడ నౌకాదళ కళాశాల నడిచింది. 1962 నుంచి 1996 దాకా ఈ పాత కట్టడంలోనే జేసన్ అనే చిన్న అణు రియాక్టర్‌ను నడిపి నౌకాదళం వాళ్లకు శిక్షణ ఇచ్చారు. కింది నుంచి చూస్తే నమ్మబుద్ధి కాదు.

ఓడ, కటీ సార్క్, మీ అబ్బాయి వంతు. 1869 నవంబరులో నీటిలోకి దిగింది, చైనా నుంచి తేయాకు మోయడానికి. అదే నెలలో సూయెజ్ కాలువ తెరిచారు. ఆవిరి ఓడలు దగ్గర దారిన వచ్చేస్తుంటే, తెరచాప ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. ఎనిమిది తేయాకు ప్రయాణాల తర్వాత ఆ వ్యాపారం పోయింది. పేరు వచ్చింది ఆ తర్వాత, ఆస్ట్రేలియా ఉన్ని తెచ్చిన రోజుల్లో. 2007 మే 21న మంటల్లో కాలింది. బాగుచేసే పని కోసం అప్పటికే చాలా భాగాలు విప్పి వేరే చోట ఉంచడం వల్ల బతికింది. ఇప్పుడు ఓడను నేల నుంచి మూడు మీటర్ల పైకి ఎత్తి నిలిపారు. అడుగున ఇత్తడిరంగు రేకు తాపడం కింద నడవవచ్చు. గైడు బయట పది నిమిషాలు చెప్పి సెలవు తీసుకోవచ్చు, లోపల చూడటానికి మీకు సాయం అక్కర్లేదు. ఓపిక మిగలకపోతే బయటి నుంచి చూసినా చాలు.

ఓడ పక్కన గుండ్రటి గాజు గుమ్మటం కింద నుంచి నది అడుగుకు సొరంగం ఉంది, అవతలి ఒడ్డు రేవుల్లో పనిచేసే కూలీల కోసం 1902లో కట్టింది. లిఫ్టులు పనిచేస్తుంటే అందరూ వెళ్లండి, లేకపోతే మీరూ అబ్బాయీ మాత్రమే. అవతలి ఒడ్డున ఐలాండ్ గార్డెన్స్ నుంచి చూస్తే గోపురాలు, రాణిగారి భవనం, కొండ అన్నీ ఒకే వరుసలో వస్తాయి. నా మనసులో అసలైన గ్రీనిచ్ దృశ్యం అదే.

గైడును ఎంచుకోవడం గురించి. బ్లూ బ్యాడ్జ్ ఉన్నవారినే తీసుకోండి. అది రెండేళ్ల దాకా చదివి, పరీక్షలు రాసి తెచ్చుకునే గుర్తింపు. సగం పూటకు రెండు వందల పౌండ్లు దాటుతుంది. తలకు ఇంత అని కాదు, మీ బృందం మొత్తానికి అంత. కాబట్టి ఇంకో కుటుంబాన్ని కలుపుకుంటే భారం సగమవుతుంది. ఎనిమిది మందిని మించనివ్వకండి, వెనకవాళ్లకు మాట వినపడదు. మీరు కొనే టికెట్లు, గైడు రుసుము వేర్వేరు అని ముందే మాట్లాడుకోండి. టిప్పు తప్పనిసరి కాదు, నచ్చితే ఇవ్వండి.

కుదుర్చుకునే ముందు మూడు సంగతులు రాసి పంపండి: అమ్మగారి నడక వేగం, నాన్నగారి వృత్తి, పిల్లవాడి వయసు. జవాబులో దారి మార్చి రాసినవాడు మీకు పనికొస్తాడు. అందరికీ పంపే జాబితానే పంపినవాడిని వదిలేయండి. తెలుగు వచ్చిన గైడు కోసం వెతుకుతూ కూర్చోకండి. ఇంగ్లీషులో నిదానంగా చెప్పమంటే చెబుతారు, అమ్మగారికి మీరు తెలుగులో అందించండి. ఒక హెచ్చరిక: వాల్టర్ రాలీ బురదలో తన అంగీ పరిచి ఎలిజబెత్ రాణిని నడిపించాడనే కథ ఇక్కడ జరిగిందంటారు. అది చరిత్రా, తర్వాత పుట్టిన కథా అని అడగండి. కథే అని నవ్వుతూ ఒప్పుకునే గైడు మిగతా విషయాల్లో కూడా నమ్మదగినవాడే.

తిరుగు ప్రయాణానికి రైలు వద్దు, గ్రీనిచ్ రేవు నుంచి పడవ ఎక్కి వెస్ట్‌మినిస్టర్ దాకా వెళ్లండి. బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. శనివారం, ఆదివారం సాయంత్రాలు పడవకు పొడవాటి వరుస ఉంటుంది. అందువల్ల మంగళవారమో బుధవారమో పెట్టుకోండి, వేధశాలకూ పెయింటెడ్ హాలుకూ టికెట్లు ముందే కొనండి.